నవ్వితే మూసుకునే కన్ను

ఆ సోమవారం పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నోటి కుడి మూల నుంచి జారిపోయాయి. అద్దంలో చూసుకుంటే కుడి కన్ను మూతపడటం లేదు.

నేను అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో కౌన్సెలర్ని. చదువులో నేర్పిన గంభీరమైన ముఖం, పుస్తకాల తెలుగు నాకు అరువు చీరలా ఉండేవి. వాటిని మడిచి పక్కన పెట్టి, మా కశింకోట మాటతో, వామనగుంటల పీటతో కూర్చునేదాన్ని. చింతపిక్కలు పంచుతూ, మూతి తిప్పి నాలుగు వెక్కిరింతలు పెడితే పలకని పిల్లలూ పలికేవారు. సర్టిఫికెట్ గోడ మీద ఉండేది. పని మాత్రం మూతి చేసేది.

అందుకే ఆ రోజు వంకర మూతితో వెళ్తే పిల్లలు విరగబడి నవ్వారు. "బలే ఉంది మేడమ్, మల్లీ సెయ్యండి!" నేనూ కాదనలేదు.

అమ్మ నవ్వలేదు. "మూతి అలా పక్కకి పోతందేటే? డాట్రు దగ్గరికెల్లు."

"ఒత్తిడేనే అమ్మా. ఇలాటివి రోజూ సూత్తన్నాను కాదేటి."

"ఊరందరికీ నువ్వు. నీకెవలే మరి?"

నాలుగు రోజులు శ్వాస వ్యాయామాలు చేశాను, డైరీ రాశాను. ఎవరొచ్చినా వాళ్ల మనసులోనే కారణం వెతికే అలవాటు నాది. నా ముఖం జబ్బునీ అక్కడే వెతికాను.

ఐదో రోజు కన్ను ఎర్రబడితే న్యూరాలజిస్టు దగ్గరికి పరిగెత్తాను. నుదురు ముడవమన్నారు, ఈల వెయ్యమన్నారు. రెండూ రాలేదు.

"బెల్స్ పాల్సీ. ముఖం నరం చచ్చుబడింది. స్టెరాయిడ్స్ మొదటి మూడు రోజుల్లో మొదలుపెట్టాలి. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"ఊపిరి పీల్చానండి."

ఆయన నవ్వలేదు. నాకు నవ్వు సగమే వచ్చింది.

మాత్రలు, ఐ డ్రాప్స్, పడుకునేటప్పుడు కంటికి టేపు, ఫిజియోథెరపీ. నాలుగో నెలకి మూతి కుదురుకుంది గాని, నవ్వితే కుడి కన్ను దానంతటదే మూసుకోసాగింది. "సిన్‌కైనీసిస్. నరాలు దారి తప్పి అతుక్కున్నాయి," అన్నారు డాక్టరు.

సెలవు అయ్యి తిరిగి కాలేజీకి వెళ్లిన వారం, కె. కోటపాడు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. జబ్బుకి ముందు రెండు నెలలు పిక్కలు పంచిందే గాని నోరు విప్పలేదు. ఆ రోజు విప్పింది. బస్సులో ఒకడు రోజూ కన్ను కొడుతున్నాడని చెప్పింది. ధైర్యం చెప్పాలని నవ్వాను. కన్ను మూసుకుంది.

పిల్ల బిగుసుకుపోయింది. "మీరూ ఎక్కిరిత్తన్నారేటి మేడమ్?"

"కాదమ్మా, ఇది జబ్బు."

"అప్పుడూ ఇలాగే సేసి అందర్నీ నవ్వించేరు కదా."

లేచి వెళ్లిపోయింది. రెండుసార్లు ఫోన్ చేశాను. "అమ్మాయి ఇంక కాలేజీకి రాదండి," అని తండ్రి పెట్టేశాడు.

ఇప్పుడు పీట ఉంది, మా మాట ఉంది, వెక్కిరింతలు లేవు. ఎవరు కూర్చున్నా ముందే చెప్తాను: "నవ్వితే ఈ కన్ను మూసుకుంటాది. జబ్బు సేసింది, నిన్ను సూసి కాదు." వినవలసిన పిల్ల తప్ప అందరూ వింటున్నారు.

మూతి పక్కకి పోయినా, కన్ను మూతపడకపోయినా ఆ పూటే డాక్టరుకి చూపించండి. ఒత్తిడి సంగతి తర్వాత. ఊరంతా నవ్వినా, మీ అమ్మ నవ్వడం లేదంటే బయల్దేరండి.