మలుపులో బెంచీ

“కంచె కట్టింది నేనే, కాదనను. మేకలు మొక్కల్ని బతకనివ్వట్లేదని కట్టా. అంతమాత్రాన ఆ చోటు నాదైపోతుందా, నువ్వే చెప్పు!”

పెదాల మధ్య సూది పెట్టుకుని కూడా దర్జీ పిన్ని ఇంత స్పష్టంగా మాట్లాడుతుంది. మధ్యలో అడ్డం పడకూడదు, ఆగి వినాలి.

ముందుగదిలో, కిటికీకి ఎదురుగా కుట్టుమిషను. ఆ కిటికీలోంచి చూస్తే, వీధి మలుపు తిరిగేచోట ముక్కోణంగా ఒక జాగా, నాలుగు గన్నేరు మొక్కలు, ఒక సిమెంటు బెంచీ. జాగా పురపాలక సంఘానిది. బెంచీ మాత్రం బాబాయి పోసింది. ఆయన తాపీమేస్త్రి. మోకాళ్లు మొరాయించాక పొద్దస్తమానం అక్కడే కూర్చుని, ఇటు మిషను చప్పుడు వింటూ, వచ్చేపోయేవాళ్లని పలకరించేవాడు. ఆయన పోయాక కూడా పిన్ని మిషనుని అక్కణ్ణుంచి జరపలేదు.

ఈమధ్య వీధికి మురుగుకాలువ, కాలిబాట వేయడం మొదలైంది. ఖర్చులో కొంత ఇళ్లవాళ్లే భరించాలి. ఇంటి ముందు ఎంత పొడవుంటే అంత వాటా. కొలతలకొచ్చినాయన ఆ జాగా చుట్టూ పిన్ని గుడ్డపీలికలతో కట్టిన కంచె చూసి, మలుపుని కూడా పిన్ని ఇంట్లో కలిపేశాడు.

“నాది కాదు బాబూ అంటే, ‘అయితే ఆక్రమణ కదమ్మా, బెంచీ పీకించేస్తారు’ అన్నాడు. నాదంటే లేని ఆస్తికి వాటా కట్టాలి. కాదంటే మీ బాబాయి కూర్చున్న చోటే పోతుంది. రెండ్రోజులు ఒక్క కుట్టూ తిన్నగా పడలేదనుకో.”

పురపాలక సంఘం వాళ్లు అభ్యంతరాలు వినే రోజున, అదే వీధిలో ఉండే మేడింటాయన అందరికంటే ముందు లేచాడట. “ఇన్నాళ్లూ అనుభవించింది ఆవిడేగా! సర్కారు జాగా అని వదిలేస్తే ఆ వాటా మా నెత్తిన రుద్దుతారు!”

“నువ్వేమన్నావు పిన్నీ?”

“బొత్తాలు కుట్టినంత మాత్రాన చొక్కా నాదవుతుందా అన్నయ్యగారూ అన్నా. అంతా నవ్వారు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వకుండా, ‘సర్కారు స్థలాన్నీ కొలతలో వేస్తాం. దాని వాటా పురపాలక సంఘమే పెట్టుకుంటుంది, ఇంకొకరి మీద పడదు’ అంది. మేడింటాయన కూర్చున్నాడు.”

“మరి బెంచీ?”

పిన్ని దారానికి ముడి వేసింది.

“కంచె తీసేస్తే అది నలుగురూ కూర్చునే బెంచీ, ఉండనిస్తామంది. ఇంటికొచ్చి ఆ పీలికలన్నీ నా కత్తెరతో నేనే కోశా. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.”

“ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?”

“ఇంకెవరు, ఆ మేడింటాయనే! పొద్దున్నే వచ్చి తిష్ట వేస్తాడు. చూస్తే ఒళ్లు మండిపోయేది. మొన్న కిటికీ దగ్గరకొచ్చి, ‘చెల్లెమ్మా, వీపు ఆనేచోట మేస్త్రి ఎంత నున్నగా చేశాడో!’ అన్నాడు. ఇంకేం కోప్పడతాం చెప్పు?”

దారం పంటితో పుటుక్కున కొరికి, చొక్కా దులిపి నా చేతిలో పెట్టింది.

“చీకటి పడకముందే బయల్దేరు నాన్నా. వెళ్తూ వెళ్తూ ఆ బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్లు. ఈ వేళప్పుడు ఎవరూ ఉండరు. ఖాళీగా కనిపిస్తే నాకు మిషను సాగదు.”