ఎవరిదో క్యాం షాఫ్ట్

మా మామగారి పాత కారుకి దసరా సెలవుల్లో మా ఆయన తాండూరులో ఇంజను విప్పించి కొత్తగా చేయించారు. ఆ కారులో వికారాబాద్ నుంచి మర్పల్లిలోని మా బడికి నేనే నడుపుకుంటూ పోవాలని నా ఆశ. బస్సులో వేలాడీ వేలాడీ భుజాలు పడిపోయాయి మరి.

కానీ ఆ కారు నా చేతిలో కదలగానే గిలగిలా కొట్టుకుని ఆగిపోయేది. "క్లచ్చు మెల్లగ ఇడువుమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని మా ఆయన పక్కన కూర్చుని అరిచేవారు. ఆయన నడిపితే బాగానే పోయేది. పోదా? యాక్సిలరేటరు మీద కాలు పెడితే తీయని మనిషి! బండిలోనే ఏదో తేడా ఉందంటే, ఆడలేక మద్దెల ఓడన్నారట అని నవ్వేవారు. "నెలాఖరు దాంక చూస్త. నీకు చేతగాకపోతె అమ్మేస్త" అని తేల్చేశారు.

నాకు ఒళ్లు మండింది. డ్రైవింగు స్కూలు కారులోనే కదా నేను పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నది! అదెప్పుడూ నా చేతిలో ఆగలేదు. ఆ ధైర్యంతో ఆదివారం ఆయన్ను తాండూరుకు లాక్కుపోయాను.

మెకానిక్ చప్పుడు విని, ఇంజను పై మూత తీశాడు. వాల్వులను తెరిచీ మూసే కడ్డీయే క్యాం షాఫ్ట్. దాని మీద నంబరు అరిగిపోయి ఉంది. అందుకని వాల్వు ఎంత తెరుచుకుంటోందో చూపే డయల్ గేజీని దాని మీద పెట్టి ఇంజను చేత్తో తిప్పాడు. షెడ్డులోనే ఉన్న అదే రకం ఇంజను మీదా పెట్టి చూశాడు. మా దాంట్లో ముల్లు చాలా ఎక్కువ తిరిగింది. అతను తల పట్టుకున్నాడు.

"అక్కా, గిది మీ షాఫ్ట్ కాదు. గిసొంటి బండే ఉన్న కరణ్‌కోట పిలగాడు రేసు కోసమని చెక్కించుకున్నది. జోరుగ పోతెనే దీనికి బలం, మెల్లగ పోతె సచ్చిపోతది. దసరకు విప్పిన సామానంత కడిగి అమ్మవారి ముంగట వెట్టినం. రెండిటికీ బొట్టు వెట్టినం. ఎత్తేటప్పుడు మారినట్టుంది."

ఆ పిల్లవాడికి ఫోను చేస్తే ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, నా బండిని ఆటోలు గూడ దాటిపోతున్నయి. దోస్తుల ముంగట ఇజ్జత్ పోయింది!"

అతనూ బండి తెచ్చాక ఇద్దరివీ మార్చేసరికి సాయంత్రమైంది. మా ఆయన అలవాటుగా డ్రైవరు సీటు వైపు నడిచారు. "తాళాలు ఇటియ్యుండ్రి" అన్నాను.

అనంతగిరి ఘాటు రోడ్డులో ముందు నిండు లారీ, నత్తనడక. దాని వెనకే మెల్లగా పోనిచ్చాను. బండి ఆగలేదు. సంతోషంతో నాకు కళ్లు చెమర్చాయి. ఇంటి ముందు దిగి మా ఆయన "బండి మస్తు మంచిగైంది" అన్నారు. నన్నొక్క మాట మెచ్చుకుంటే ఆయన సొమ్మేం పోతుంది?

తెల్లారి ఆయన్ను బస్టాండులో దింపి, నేను కారులో మర్పల్లి వెళ్లాను.