రవీందరన్న ఆపేసిన ప్రకటన

హనుమకొండ సుబేదారిలో ఆటో ఎక్కి కూర్చున్నానో లేదో, పక్కనున్నామె ఫోను టింగుమంది. ఏదో సందేశం, అంతే. నేను మాత్రం గబుక్కున ఆమె వైపు తిరిగాను. రవీందరన్న ఆఫీసులో సరుకు అమ్ముడైన ప్రతిసారీ ఇదే చప్పుడు వచ్చేది.

అదే ఊళ్లో ఓ బట్టల దుకాణం పైగదిలో అన్న దగ్గర నేనూ, కిరణూ పనిచేసేవాళ్లం. ఎవరో తయారుచేసిన సరుకుకు మేం డబ్బు పెట్టి ఫోన్లలో ప్రకటనలు వేయాలి. అమ్ముడైతే కమీషన్, లేకుంటే పెట్టింది పోయినట్టే. చేరిన కొత్తలో ఓ ప్రకటన పొద్దున్నుంచీ డబ్బు తింటూనే ఉంది. పోయింది రాబట్టాలన్న కసితో ఖర్చు రెట్టింపు చేయబోయాను. అన్న వచ్చి నా కుర్చీ వెనక్కి లాగాడు. "చెల్లె, కోపమొచ్చినప్పుడు మౌస్ ముట్టకు. సంబురమొచ్చినా ముట్టకు. జర నీళ్లు తాగి రా." ఆయన గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. కొన్నాళ్లకు నాకూ ఆ నిబ్బరం అబ్బింది. దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని.

తర్వాత షుగర్ తగ్గిస్తుందనే పొడి ఒకటి వచ్చింది. దాని ప్రకటన అన్నే రాశాడు. గదంతా టింగుటింగుమని మోగిపోయింది. మిఠాయి తెప్పిద్దామంటే, "ఎగరకుండ్రి" అన్నాడు నవ్వుతూ. ఆ వారమే కేసముద్రం దగ్గరి పల్లె నుంచి ఒకామె ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆమె గొంతు మా అందరికీ వినబడింది.

"సార్, మీ పొడి ఉన్నదని మా ఆయన షుగర్ గోలీలు బంద్ పెట్టిండు. ఇప్పుడు సోయి లేకుండ హనుమకొండ దవాఖానల పడ్డడు. పొడి ఇంక తాపాల్నా, ఆపాల్నా?"

"ఆపమ్మా. డాక్టరుకు ఆ పొడి చూపెట్టు. నేనొస్తున్న" అంటూనే అన్న ప్రకటన ఆపేశాడు.

"అన్నా, జర నీళ్లు తాగి ఆలోచిద్దాం. కోపంల మౌస్ ముట్టద్దని నువ్వే అంటివి గద" అన్నాడు కిరణ్.

"ఇది కోపం కాదు తమ్మీ, సిగ్గు."

నేనూ వెంట వెళ్లాను. వార్డు బయట ఆమె ముందు అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ మాటలు రాసింది నేనేనమ్మా." ఆమె తిట్టలేదు. "మంచిగ రాసినవ్ సార్. నేనే చదివి వినిపించిన ఆయనకు" అంది. మర్నాడు ఆమె భర్త పోయాడు.

గోలీలు మానొద్దని, ఆ పొడి కొన్న ప్రతి ఒక్కరికీ అన్న మాతో ఫోన్లు చేయించాడు. ఆ పని కాగానే ఆఫీసు మూసేశాడు. ఇప్పుడు బజారులో తన తమ్ముడి కొట్లో కూర్చుంటాడు. పలకరిస్తే తల ఊపి కొట్టు పనిలో పడిపోతాడు.

నేనింకా ఈ పనిలోనే ఉన్నాను. లాభమొచ్చినా నష్టమొచ్చినా నా నిబ్బరం చెదరదు. కానీ ఏ సరుకైనా జోరుగా పోతుంటే, కొన్నవాళ్లలో ఒకరికి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతాను. మళ్లీ ఏదో అమ్మడానికే అనుకుని చాలామంది విసుక్కుని ఫోన్ పెట్టేస్తారు. ఆ విసుగు విన్నాకే, వాళ్లు బాగానే ఉన్నారని నేను ఊపిరి పీల్చుకుంటాను.