బస్సు ఆగాక పెట్టిన సంతకం

చిలకలూరిపేట బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నావిడ మిరపకోతలకు వెళ్లే కూలీ. ముఖం కూడా తెలియని వ్యాపారి ఒకడు, పాత బాకీ తీర్చలేదని ఆవిడ మీద కోర్టులో దావా వేశాడట. ప్రోనోటు మీద ఆవిడ వేలిముద్ర ఉందట.

"రాజీపడమన్నారండి అంతా. నేనెందుకు పడతాను? కూలిదాన్ని కదా, వేలిముద్రే వేస్తాననుకున్నాడు. బైబిలు చదవాలని పెళ్లికి ముందే అక్షరాలు నేర్చుకున్నాను. ఉపాధి పని మస్టర్లో కూడా నాది సంతకమే!"

లాయరు రాసిచ్చిన జవాబు మీద సంతకం పెట్టడానికి నా పెన్ను అడిగి తీసుకుంది. కానీ వెంటనే పెట్టలేదు.

"బస్సు ఆగనీయండి. వంకరపోతే నాది కాదంటారు."

స్టాండులో బస్సు ఆగాక, ఇంటిపేరుతో సహా నింపాదిగా రాసింది.

నేను ఇంజనీరింగ్ చదివాను. అప్పటిదాకా నా సంతకమంటే రెండు గీతలే. ఇప్పుడు పేరంతా రాస్తున్నాను.