నేలదేవుడి సోడా తాగిన చలపతి

చలపతి థాయ్‌లాండ్‌లో ఉన్నది గట్టిగా రెండున్నర నెలలు. ఆ దేశం గురించి మాకు చెప్పింది మాత్రం రెండున్నరేళ్లు.

జగిత్యాల నుంచి కార్ల్స్‌రూహెకి మాస్టర్స్ చదవడానికి వచ్చినవాడు, జర్మనీయే ఇంకా సరిగ్గా అర్థం కాకముందు, ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్ అంటూ బ్యాంకాక్ వెళ్లాడు. రెండువేల ఇరవై జనవరిలో వెళ్లాడు. మార్చి ఆఖర్న కరోనా అని యూనివర్సిటీ వాళ్లు అందరినీ వెనక్కి పిలిస్తే, మూతికి రెండు మాస్కులు, ముంజేతికి తెల్లదారం, కళ్లలో ఏదో శాంతి వేసుకుని దిగాడు. నేనూ వాడి కోర్సులో చేరినవాణ్నే. రెండో సెమిస్టర్‌కల్లా నాకు నేర్పడానికి ప్రొఫెసర్ల దగ్గర ఏమీ మిగల్లేదని గ్రహించి, పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని మానేశాను. అప్పట్నుంచి సైకిల్ మీద హోటల్ భోజనాలు చేరవేస్తున్నాను. నా వేగానికి పెట్టెలోని సూప్ చల్లారకపోగా, దారిలో ఇంకాస్త మరిగేదని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు.

స్టేషన్‌కి వెళ్లి మోచెయ్యి చాపాను, అప్పట్లో అదే కరచాలనం. వాడు తాకలేదు. రెండు చేతులూ జోడించి గడ్డం దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తలవంచాడు.

"ఏరా, గుళ్లో ఉన్నావనుకుంటున్నావా?" అన్నాను.

"దీన్ని వాయ్ అంటరు. నువ్వు నా ఈడోనివి గాబట్టి గడ్డం కాడ పెట్టిన. పెద్దోళ్లయితే ముక్కు కాడ పెట్టాలె. భిక్షువులైతే కనుబొమల నడుమ."

"టికెట్ లేకుండా ట్రామ్‌లో దొరికితే, ఆ చెకింగ్ ఆయనకి?"

వాడు నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ముక్కు కాడ్నే," అన్నాడు.

వాడి గదిని సెప్టెంబరు దాకా ఇంకెవరికో ఇచ్చి వెళ్లాడు కనుక నా గదిలో నేలమీద పడ్డాడు. పప్పన్నం పెడితే ఫోర్కుతో చెంచాలోకి తోసుకుని తినేవాడు. "చేత్తో తినేది జిగురన్నమొక్కటే," అని నాకు పాఠం. జగిత్యాలలో పుట్టి, మామిడికాయ పచ్చడి ముద్దలు మింగి పెరిగినవాడు! నా చాప మీద కాలు చాపితే, "పాదం నా దిక్కు చూపియ్యకు, శాన తప్పు," అనేవాడు. నా చాప అది.

ఇంతలో మా ఇంటి ఓనర్ పసిగట్టాడు. కరోనా రోజుల్లో ఇంట్లో అదనపు మనిషా, వారంలో పంపించకపోతే నువ్వు కూడా వెళ్లాలి అన్నాడు. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కన్నా టాయిలెట్ పేపర్ దొరకడం సులువు. మనిషిని ఎదురుగా చూడకుండా ఎవరూ గది ఇవ్వరు, చూడటానికేమో ఎవరూ రానివ్వరు. పైగా వీసా పొడిగింపు ఉత్తరం రావాలి. ఈ దేశంలో గుమ్మం దగ్గర గంట కింద, పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమన్ ఉత్తరం వెయ్యడు. ఉత్తరం రాలేదంటే చలపతి ఈ దేశంలో లేనట్టే.

అప్పుడు వాణ్ని కాపాడింది ఎవరో వేరే చెప్పాలా? నేను భోజనాలు మోసే హోటల్ ఒక థాయ్ ఆవిడది, పేరు మాలీ. భర్త జర్మన్, పోయి చాలా ఏళ్లయింది. ట్రామ్ ఆఖరి స్టాపు ఉన్న ఊళ్లో కింద హోటల్, పైన ఇల్లు, వెనక పెరడు, మేడ మీద ఒక ఖాళీ గది. నేను చెప్పగానే రమ్మంది.

చలపతి చెప్పులు గుమ్మం బయట జంటగా పెట్టాడు. చేతులు ముక్కు దాకా ఎత్తాడు. ఆవిడ కూర్చుంటే ఆవిడ ముందునుంచి నడుం వంచి నడిచాడు. పైగా "పా" అని పిలిచాడు. ఆ మాటకి పెద్దమ్మ అని అర్థమట. ఆవిడ కరిగిపోయింది. ఆవిడ మాట్లాడేది జర్మన్, నేను తెలుగులో చెబుతున్నాను. "ఈ దేశంలో నా ముందు వంగి నడిచిన మొదటి మగాడివి నువ్వే, బాబూ. మా ఆయన వంగక ఆ గుమ్మానికి ఎన్నిసార్లు నుదురు కొట్టుకున్నాడో!"

గది ఇచ్చింది. హోటల్లో డబ్బాలు కట్టిపెట్టే పని కూడా ఇచ్చింది. గంట కింద పేరు మాత్రం వెంటనే పెట్టలేదు. "ఇంటి పెద్దను అడగాలి," అని పెరట్లోకి తీసుకెళ్లింది.

పెరట్లో ఒంటి స్తంభం మీద పిచ్చుకగూడంత బంగారురంగు గుడి ఉంది. ముందు పూలు, అగరొత్తులు, మూత తీసి స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా.

"దయ్యాలకా?" అని వాడి చెవిలో అడిగాను.

"నోర్ముయ్యి. ఫ్రా ఫూమ్. మన భూమే. ఈ జాగకు కావలి ఉండే దేవుడు. అక్కడ ప్రతి ఇంటి ముంగట ఉంటడు. రోజూ పొద్దున సోడా పెడతరు."

అన్నీ తెలిసినవాడు. అక్కడే మునిగాడు.

ఎందుకంటే, మనవాడు ఎంత వాయ్ చేసినా లోపల మనవాడే. మన ఇళ్లలో దేవుడికి పెట్టింది దేవుడు చూపుతో తింటాడు, కాసేపయ్యాక అది ప్రసాదం, దాన్ని మనం తినకపోతే తప్పు. పులిహోర పెట్టి గిన్నెతో సహా దేవుడికే వదిలేసిన తెలుగువాణ్ని ఎవరైనా చూశారా? పొద్దున పెట్టిన సోడా మధ్యాహ్నం దాకా ఎండలో అలా నిలబడి ఉంటే వాడి మనసు ఒప్పుకోలేదు. మొదటిరోజు ఒక గుక్క పుచ్చుకున్నాడు. రెండోరోజు సగం. ఆ తర్వాత స్ట్రా గరగరమనే దాకా.

ఖాళీ సీసా చూసి పా మోకాళ్ల మీద కూలబడింది. "తాగాడు! ఇన్నేళ్లుగా పెడుతున్నాను, ఈ చలిదేశంలో ఒక్కనాడు ముట్టలేదు. నువ్వు వచ్చాక తాగాడు!" అని ఏడ్చింది. ఆ సాయంత్రమే వంటింట్లో డబ్బాల మీద అంటించే చీటీ మీద చలపతి పేరు రాసి గంట కింద అతికించింది. అప్పుడైనా నిజం చెప్పాలి కదా. వాడు చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అంతే.

"చెప్తే పేరు పీకుతది రా. జెర ఆగుత," అన్నాడు నాతో.

ఆగినకొద్దీ దేవుడికి ఆకలి పెరిగింది. టేబుళ్లు మూసేసినా పార్సిళ్లు జోరందుకున్నాయి. అది నా సైకిల్ మహిమ, కానీ పా ఆ ఘనత పెరట్లోని ఆయనకి ఇచ్చింది. ఉడికించిన గుడ్లు పెట్టింది, మామిడిపండుతో జిగురన్నం పెట్టింది. దేవుడు అన్నీ తిన్నాడు. చలపతి ప్యాంటు గుండీ పెట్టడం మానేశాడు. పోనీ, తినకుండా వదిలేద్దామంటే దేవుడు అలిగాడని ఆవిడ బెంగపడుతుంది. తింటే మహిమ ముదురుతుంది. వాడి చదువంతా కలిపినా ఇంత చిక్కులెక్క రాలేదు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున, ఆ మహిమని తన సొంతూళ్లో ఉన్న అక్కకి చూపిద్దామని పా వీడియో కాల్ కలిపి, ఫోన్‌ని పూలకుండీకి ఆనించి, సోడా పెట్టి వంటింట్లోకి వెళ్లింది. థాయ్‌లాండ్‌లో అక్క, అక్క పిల్లలు, ఇరుగుపొరుగు, అందరూ చాపలు వేసుకుని కూర్చున్నారు. నేను పెరటి గేటు దగ్గర పెట్టె తుడుచుకుంటున్నాను. మేడ మీంచి మనవాడు దిగాడు. ఫోన్ చూడలేదు. నేను సైగ చేశాను, ఈగలు తోలుకుంటున్నాననుకున్నాడు. చేతులు జోడించాడు, ఎంత పద్ధతిగానో. సీసా తీశాడు, ఎత్తాడు, ఖాళీ చేశాడు, త్రేన్చాడు. ఖాళీ సీసాని కళ్లకద్దుకుని మళ్లీ దేవుడి ముందు పెట్టాడు.

పూలకుండీలోంచి ఊరంతా ఒక్కసారిగా అరిచింది.

పా పరుగెత్తుకొచ్చింది. అక్క చెప్పింది విని, వీధిగుమ్మం దగ్గరకి వెళ్లి, గంట కింద చీటీ పీకి చేతిలో నలుపుతూ తిరిగొచ్చింది.

చలపతి చేతులు జోడించాడు. "పా, మా దగ్గర దీన్ని ప్రసాదం అంటరు. దేవుడు తిన్నంక మిగిలింది మేం తింటం. దొంగతనం కాదు పా, భక్తి!"

"మిగిలింది మేమూ తింటాం," అంది పా. "ముందు ఆయన్ని అడిగి, సెలవు తీసుకుని తింటాం. అడిగావా?"

"అడగలె."

"చేతులు ఎక్కడ పెట్టాలో అంత నేర్చుకుని వచ్చావే! నోరు తెరిచి అడగాలని చెప్పలేదా అక్కడ?"

"క్లాసులు ఆడికి రాకముందే వాపస్ పిలిచిన్రు పా," అన్నాడు. ఎంత ఆపుకున్నా నాకు నవ్వు ఆగలేదు.

ఫోన్‌లో పంచాయితీ మొదలైంది. అక్క ఏదో చెబుతోంది, పా తలూపుతోంది. చివరికి తీర్పు వచ్చింది. హోటల్ మూతపడకపోతే నాట్యం చేయిస్తానని పా అప్పటికే ఈ పెరటి దేవుడికి మొక్కుకుంది. అక్కడైతే ఇలాంటి మొక్కులకు నాట్యగత్తెలను పిలుస్తారు. ఇక్కడ కరోనా రూలు ప్రకారం జట్టుని రానివ్వరు. కాబట్టి తాగినవాడే ఆడాలి. దేవుడు ఒప్పుకుంటే చీటీ తిరిగి అతుకుతుంది, లేకపోతే సామాను సర్దుకోవాలి. ఒప్పుకున్నాడో లేదో అక్క చెబుతుంది.

"నాకు థాయ్ డ్యాన్స్ రాదు పా."

"నీకు ఏది వస్తే అది."

హోటల్ వార్షికోత్సవానికి కొన్న జరీ పంచె, మొనదేలిన కిరీటం అటక మీంచి దింపారు. పంచె గుడ్ల దెబ్బకి నడుముకి అందక పిన్నీసులు పెట్టాల్సి వచ్చింది. కిరీటం కింద చలపతి ముఖం వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తప్పిపోయినవాడి ముఖంలా ఉంది. నా వైపు చూశాడు.

"అన్నా, దరువెయ్యవా?"

ఎప్పుడూ రా అని తప్ప పిలవనివాడు ఆరోజు అన్నా అన్నాడు. భోజనాల పెట్టె బోర్లించాను. నాది తణుకే కానీ, ఆ రోజు నేను వేసిన తీన్మార్‌కి ఆఖరి స్టాపులో ఆగాల్సిన ట్రామ్ ఇంకో రెండు స్టాపులు ముందుకి వెళ్లిపోయిందట, పట్టాలు లేకపోయినా.

వాడు మొదలుపెట్టాడు. ముందు వేళ్లు వెనక్కి విరిచి ఏదో థాయ్‌లా తిప్పబోయాడు. నాలుగో దరువుకల్లా జగిత్యాల బయటికొచ్చింది. భుజాలు ఎగిరాయి, మోకాళ్లు వంగాయి, కిరీటం చెవి మీదికి జారింది, ఒక పిన్నీసు ఎగిరి గులాబీ మొక్కలో పడింది. పంచె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆడుతున్నాడు. గణపతి నిమజ్జనంలో కూడా నేను అలాంటి భయభక్తులు చూడలేదు.

అప్పుడే కంచె మీద పక్కింటి ముసలాయన తల లేచింది. "ఇవాళ ఆదివారం! ఏమిటీ గోల?"

ఆదివారం గోల చేస్తే ఈ దేశంలో దేవుడి కన్నా ముందు పోలీసులు వస్తారు. చలపతి కాళ్లు ఆపకుండానే ఆయనవైపు తిరిగి చేతులు ఎత్తాడు. గడ్డం దాటాయి, ముక్కు దాటాయి, కనుబొమల దగ్గరకెళ్లి ఆగాయి. వదిలేసిన పంచె ఇంకో జానెడు జారింది. ముసలాయన గుడ్లప్పగించి చూసి లోపలికి వెళ్లాడు. పోలీసులకే ఫోన్ అనుకున్నాం. ఆయన మడతకుర్చీ పట్టుకుని తిరిగొచ్చి, కంచెకి దూరంగా వేసుకుని కూర్చున్నాడు. మార్చి నుంచి టీవీ తప్ప మనిషి ముఖం చూడలేదట.

పూలకుండీలోంచి నవ్వులు వస్తున్నాయి. అక్క కళ్లు తుడుచుకుంటూ ఏదో అంది. పా మూతి బిగించుకుంది కానీ భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏమన్నది పా?" రొప్పుతూ అడిగాడు.

"స్వామి ఒప్పుకున్నాడట. కానీ ఇలాంటిది ఆయన ఎప్పుడూ చూడలేదు కాబట్టి, వచ్చే ఆదివారం కూడా చూస్తాడట."

పా లోపలికి వెళ్లి కొత్త చీటీ రాసి తెచ్చి, వీధిగుమ్మం దాకా నడిచి, గంట కింద బొటనవేలితో గట్టిగా అదిమింది. తిరిగొచ్చి కొత్త సోడా తెరిచి దేవుడి ముందు పెట్టింది. కాసేపయ్యాక, "ఇప్పుడు అడిగి తాగు," అంది.

చలపతి పిన్నీసుల పంచెలో మోకాళ్లేశాడు. "స్వామీ, తాగమంటవా?" అన్నాడు. తీన్మార్ అర్థమైన దేవుడికి తెలుగు అర్థం కాదా అని వాడి ధీమా. కాసేపు చూశాడు. "పా, ఏం చెప్తలేడు."

"అయితే ఆగు."

నాకు పార్సిళ్లున్నాయి, వెళ్లిపోయాను. అన్నీ ఇచ్చి వచ్చేసరికి గంట కింద పేరు పదిలంగా ఉంది. ముసలాయన కుర్చీ మడిచేసుకున్నాడు. సోడాలో గ్యాస్ అంతా పోయింది. కిరీటం ఒళ్లో పెట్టుకుని, చేతులు ముక్కు దగ్గర ఆనించుకుని, చలపతి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.