బొట్టు పెట్టిన గ్యాస్ మీటరు

మీ మిరప చేలోకి కాలువ నీళ్ళు మళ్ళించుకునేటప్పుడు, ఆ నీటిని శుభ్రం చేసిన మనిషి ప్రాణాలతో పైకి వచ్చాడా అని మీరెప్పుడైనా అడిగారా?

దసరా వెళ్ళిన వారం, ఉదయం ఆరున్నరకు గుంటూరు బస్టాండులో మిర్యాలగూడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి గనిలో నీటి శుద్ధి ప్లాంటు ఉంది. దాని సూపర్‌వైజరు సాంబయ్య నాతో హైస్కూల్లో చదువుకున్నవాడు. "నీ రాతల్లో దేవుళ్ళనే వదలవు, మా ప్లాంటు కూడా చూసి నాలుగు తిట్టి పోరా" అని ఫోన్లో పిలిచాడు.

సత్తెనపల్లి దాటాక రోడ్డుకి రెండు వైపులా పత్తి పగిలి తెల్లగా కనిపించింది. నా పక్క సీట్లో సుబ్బమ్మగారని ఒక మిరప రైతు. నేనెక్కడికి వెళ్తున్నానో చెప్పగానే, "ఆ గని నీళ్ళేగా మాకొచ్చేది. మొన్న మడి నిండా బురదే. మొక్క వేరు ఊపిరాడక చస్తది, చెప్పండి వాళ్ళకి" అన్నారు.

నాలాగా వెళ్ళదలచినవారు గుంటూరులోనే టిఫిను తిని ఎక్కండి. పిడుగురాళ్ళలో బస్సు ఆగిందనే పేరే గానీ టీ కూడా చల్లారదు. తొమ్మిది దాటాక దాచేపల్లిలో దిగి, ఆటోలో గని గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళాలంటే హెల్మెట్టు, బూట్లు తప్పనిసరి.

గని అడుగున ఊరే నీటిని పైకి తోడి, పెద్ద తొట్లలో నిలబెట్టి, పటిక కలిపి, బురద అడుగుకు దిగి నీరు తేరాక కాలువకు వదులుతారు. తేరిన నీటిని గాజు గ్లాసులో పట్టి సాంబయ్య వెలుతురుకు ఎత్తి చూపించాడు. సుబ్బమ్మగారి మాట చెబితే వాడి మొహం చిన్నబోయింది. "నిజమేరా. బురద చేరే సంపులో జల్లెడ మూసుకుపోయి పొంగింది. ఇవాళ మనిషిని దించి తీయిస్తున్నాం."

దిగేది యేసురత్నం. ముప్పై ఏళ్ళుంటాయి. సంపు మూత పక్కన కూర్చుని నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. మూసిన సంపులో బురద కుళ్ళితే విషవాయువు పుడుతుంది. అందుకే ముందు గ్యాస్ మీటరును తాడుతో దించి చూస్తారు. సాంబయ్య దించి, పైకి లాగి, నాకు గర్వంగా చూపించాడు. సున్నా.

ఆయుధపూజ నాడు ఆ మీటరుకు ఒళ్ళంతా పసుపు పూశారు. ముందువైపు గుండ్రటి జల్లెడ బిళ్ళ మీద కుంకుమ దట్టంగా, తడిపి అద్దినట్టుంది.

"దీని ముక్కెక్కడరా? గాలి ఎటునుంచి పీలుస్తుంది?" అన్నాను.

"అదిగో, ఆ గుండ్రటి..." అని సాంబయ్య ఆగిపోయాడు.

"బొట్టుకి చోటు అక్కడే కుదిరిందండి, నుదురులాగా ఉంటే" అన్నాడు పూజ చేసిన ఎలక్ట్రీషియన్.

అప్పటికే యేసురత్నం ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. దిగవద్దని అరిచాను. "ఏం కాదులెండి, పొద్దున్నే ప్రార్థన చేసుకునే వచ్చా" అన్నాడు.

"నీ ప్రార్థనకీ వాళ్ళ కుంకుమకీ విషగాలి పోదయ్యా, పైకి రా" అన్నాను. మొహమాటపడుతూ వచ్చాడు.

స్టోరులో పూజ తగలని కొత్త మీటరు ఉంది, పరీక్షకు వాడే చిన్న గ్యాస్ డబ్బా ఉంది. డబ్బా సీలు అప్పటిదాకా ఎవరూ విప్పనే లేదు. సీలు తీసి ఆ గ్యాస్ రెండిటికీ పట్టగానే కొత్త మీటరు కూసింది. బొట్టు మీటరు నోరెత్తలేదు. కొత్తదాన్ని సంపులోకి దించాం. తాడు సగం వెళ్ళేసరికి కూత పైదాకా వినిపించింది.

 యేసురత్నం పసుపు పూసిన మీటరు వంక చూస్తూ, "బొట్టు దానికి పెట్టారు సార్. దండ నా ఫొటోకి పడేది" అన్నాడు. ఎలక్ట్రీషియన్ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అతణ్ణి నేను తిట్టలేదు. తమ మనిషిని కాపాడే పరికరమనే దానికి పసుపు పూశారు. ఆ ప్రేమ నిజం. కానీ ప్రేమ ఉన్నవాడు వారానికోసారి ఆ డబ్బా తెరిచి మీటరు కూస్తోందో లేదో చూడాలి. పూజకు సెలవిచ్చిన యాజమాన్యం, పరీక్షకు పూట కేటాయించలేదు. నా కోపం అక్కడ.

బ్లోయరుతో గాలి తోలి, కొత్త మీటరు శాంతించాక, పైన ఇద్దరు తాడు పట్టుకుంటే యేసురత్నం దిగి జల్లెడలో బురద తీసి వచ్చాడు. దాచేపల్లి మెస్సులో గోంగూర పచ్చడితో అన్నం తిన్నాం. సాంబయ్య ముద్ద కలుపుతూ, "ఇక నా ముందు కూయని మీటరు సంపు దగ్గరికి పోదురా" అన్నాడు.

నాలుగింటి బస్సులో పిడుగురాళ్ళ దాకా యేసురత్నం నాతోనే వచ్చాడు. భార్య ఫోను చేస్తే, "ఏం లేదే, పని లేటయింది. కూరేంటి?" అన్నాడు. సంపు మాట ఎత్తలేదు. అతను దిగిపోయాక కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను. ఇంత దూరం వెళ్ళి నేను చూసి వచ్చింది ఇదే: ఒక మనిషి మామూలుగా ఇంటికి చేరడం.

మీ ఊరి గనిలో, మిల్లులో, మురుగు గుంటలో ఎవరో ఒకరు రేపు దిగుతారు. వెళ్ళండి. మీటరు మీ ఎదుట కూయించమని అడగండి. అది కూసేదాకా నిచ్చెనకు అడ్డం నిలబడండి.