తలకు బిగుసుకున్న ఇనుప టోపీ

మాది ఓర్వకల్లు. మా నాన్న వీధి నాటకాల వాళ్లకు ఇనుప కత్తులు, కిరీటాలు చేసేవాడు. ఆయన పోయాక కొలిమి నా చేతికొచ్చింది. రెండేళ్ల కిందట ఒక రిసార్టు మేనేజరు పాతకాలపు విదేశీ యోధుడి ఫొటో చూపించి, పెళ్లి ఫొటోల కోసం అలా ముఖమంతా మూసే ఇనుప టోపీ ఒకటి చేయమన్నాడు. నచ్చితే ఇంకో ఇరవై చేయిస్తానన్నాడు. నెల రోజులు రేకు సాగగొట్టి చేశాను.

చేసిన వస్తువును ముందు మేమే తొడిగి చూపడం మా ఇంటి పద్ధతి. రిసార్టులో పనిచేసే వాళ్లందరి ముందూ తలకు పెట్టుకుని, గడ్డం కింద శీల బిగించాను.

"గట్టిగా ఉండాదా, ఆచారీ?" అంటూ మేనేజరు ఇనుప కడ్డీతో టోపీ మీద, గడ్డం దగ్గర ఒక్కటేశాడు. శీల వంగిపోయింది. టోపీ ఊడిరాలేదు. నాకు ఊపిరాడలేదు.

"ఏమప్పా, లోపలే కాపురం పెడతాండావా?" అని వంటవాడు నవ్వాడు. అందరూ ఫోన్లు తీశారు. ఇంతలో ఒకడు ఇనుము కోసే కట్టరు తెచ్చాడు.

"కొయ్యాకండప్పా, శీల ఒక్కటి తీయండి" అని మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. కట్టరుతో టోపీని రెండు ముక్కలు చేశారు.

"నీకు పని రాదులేప్పా" అన్నాడు మేనేజరు. టోపీలన్నీ వేరేచోట నుంచి తెప్పించుకున్నాడు.

కొట్టింది తానేనని ఒప్పుకోమని నాలుగుసార్లు వెళ్లాను. గేటు దగ్గరే ఆపేశారు. ఊళ్లో అందరూ చూసిన వీడియోలో నేను గింజుకోవడమే ఉంది, కడ్డీ దెబ్బ లేదు. కొలిమి ఆర్పేసి కిటికీ గ్రిల్లులు వెల్డింగ్ చేస్తున్నాను. తప్పు నాది కాదని నమ్మే మనిషి ఇక్కడ ఒక్కడూ లేడు. అందుకే ముక్కూమొహం తెలియని మీకు రాస్తున్నాను.